మాటవరసకి అన్న మాటలు

"వీలైతే శుక్రవారంలోగా ఆ రిపోర్టు పంపండి" అన్నారు మా టీమ్ లీడ్. శుక్రవారం నాకు వీలు కాలేదు. సోమవారం పొద్దున్నే ఆవిడ నా డెస్కు దగ్గరకొచ్చి "రిపోర్టు ఏది?" అని అడిగితే, "వీలు కాలేదండీ" అన్నాను, ప్రశాంతంగా. ఆవిడ ముఖంలో ఏదో మారింది. ఏం మారిందో తెలియలేదు గానీ, మారిందని మాత్రం తెలిసింది. నా బతుకంతా దాదాపు ఇంతే. తప్పు జరిగిందని అర్థమవుతుంది, ఏ తప్పో అర్థం కాదు.

అప్పటికి నాకు 36 ఏళ్లు. ఆ ఏడాదే ఆటిజం అని తేలింది. ఇది రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో బయటపడేది కాదు. సైకాలజిస్ట్ నాలుగైదు సార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు, నా చిన్నతనం గురించి అమ్మని అడిగారు. ఇంట్లోవాళ్లు మాత్రం "నీకు ఆటిజం ఏంటి, బాగానే మాట్లాడతావుగా!" అన్నారు. బాగా మాట్లాడేవాళ్లకి ఒకప్పుడు ఆస్పర్జర్స్ అని వేరే పేరు ఉండేది. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ఇలాంటివాటిని గుర్తించడానికి డాక్టర్లు వాడే తమ మాన్యువల్‌లో దాన్ని కూడా ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే, అంటే ఒక్కొక్కరిలో ఒక్కోలా కనిపించే ఆటిజం అంతటికీ కలిపి పెట్టిన పేరులోనే, కలిపేసింది. మాట్లాడటం రావడం వేరు, మాటల వెనకున్నది పట్టుకోవడం వేరు. ఈ తేడాని ఇంట్లో వివరించడానికి నాకు పట్టిన టైమ్‌లో ఇంకో రిపోర్టు రాసి ఉండొచ్చు.

నేను చేసిన మొదటి పని ఒక నోట్‌బుక్ కొనడం. ఎడమవైపు జనం అన్న మాట, కుడివైపు దాని అసలు అర్థం. "వీలైతే" అని పై అధికారి అంటే తప్పకుండా అని. ఫ్రెండ్ అంటే నిజంగానే వీలైతే అని. "చూద్దాం" అంటే చాలావరకు కుదరదని. కానీ అన్నవాళ్లే వెంటనే తేదీ అడిగితే కుదురుతుందని. "ఎప్పుడైనా కలుద్దాం" దగ్గర చాలా దెబ్బలు తిన్నాను. ఒకాయన అలా అనగానే ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, "వచ్చే నెలలో నాకు మూడు ఆదివారాలు ఖాళీ" అని చెప్పాను. పాపం, ఆయన మూడు ఆదివారాలకీ మూడు కారణాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇలాంటి మాటల గురించి మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే రాశాడు. వాటితో సమాచారం ఏమీ అందదు, మనిషికీ మనిషికీ మధ్య సంబంధం నిలబడుతుంది, అంతే. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన భాషలో దీనికి ఎప్పటినుంచో మాట ఉంది కదా, మాటవరసకి అనడమని. ఆ మాట వేలసార్లు విన్నాను. అది ఒక హెచ్చరిక అని మాత్రం తట్టలేదు.

మీటింగుల్లో ఇంకో ఇబ్బంది. నేను నోరు తెరిచేలోపు ఇంకెవరో అందుకునేవారు. పది భాషల్లో మాటల తీరుని పోల్చి చూసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. ప్రశ్న ముగియడానికీ జవాబు మొదలవడానికీ మధ్య సగటున 200 మిల్లీసెకన్లట, అంటే సెకనులో ఐదో వంతు. వాళ్లు మాట పూర్తిగా విని మొదలెట్టడం లేదన్నమాట! ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించి సిద్ధంగా ఉంటున్నారు. నేనేమో నిజంగా ఆగేదాకా ఆగుతున్నాను. ఇది తెలిశాక చిన్న ఉపాయం కనిపెట్టాను. చెప్పాల్సింది సిద్ధం కాకపోయినా ముందు "ఒక్క నిమిషం" అనేస్తాను. అందరూ ఇటు తిరుగుతారు. అప్పుడు ఆలోచించుకుంటాను.

కళ్లల్లోకి చూడటం కూడా సాధన చేశాను. చూస్తే వినపడదు, వింటే చూడలేను. కనుబొమ్మల మధ్య చూడమని ఎవరో చెప్పారు, దాంతో నెట్టుకొస్తున్నాను.

మూడు నెలలు నోట్‌బుక్ ప్రకారమే నడిచాను. అందరూ "చాలా మారిపోయావు" అని మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక లైటు వేయకుండా గంటసేపు నేలమీద పడుకునేదాన్ని, ఎవరు పిలిచినా పలికే ఓపిక ఉండేది కాదు. దీన్ని మాస్కింగ్ అంటారు. లోపల జరుగుతున్నది దాచి బయటికి ఇంకొకరిలా కనబడటం. సైకాలజిస్ట్‌కి చెబితే డేమియన్ మిల్టన్ గురించి చెప్పారు. ఆయనా ఆటిస్టిక్ మనిషే. అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుందని 2012లో ఒక వాదన తెచ్చాడు. నేను వాళ్లని చదవలేకపోయినట్టే వాళ్లూ నన్ను చదవలేకపోతున్నారని. మరి నోట్‌బుక్ నేనొక్కదాన్నే ఎందుకు రాయాలి?

అందుకే అడగడం మొదలుపెట్టాను. "శుక్రవారం అంటే ఎన్ని గంటలకి? దాటితే ఇబ్బందా?" అని టీమ్ లీడ్‌ని అడిగితే, మొదటిసారి కాస్త చిరాకుపడ్డారు. ఇప్పుడు ఆవిడే "శుక్రవారం, 4 గంటలు, దాటకూడదు" అని మెసేజ్ పెడుతున్నారు. మిగతా టీమ్‌కి కూడా అలాగే పెడుతున్నారని తర్వాత తెలిసింది.

పక్క సీటు అబ్బాయితో మాత్రం వేరే సమస్య. నాకు పాత గడియారాలు విప్పి బిగించడం పిచ్చి. ఒక సాయంత్రం వాటి గురించి చెబుతుంటే "సరే మరి..." అన్నాడు. నేను ఆపలేదు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. మళ్లీ "సరే మరి" అన్నాడు, ఈసారి బండి తాళాలు చేతిలో ఉన్నాయి, పాదాలు తలుపువైపు తిరిగి ఉన్నాయి. అవి చూసి అప్పుడు ఆపాను. "నాకు ఇలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి, వెళ్లాలంటే వెళ్తున్నానని చెప్పెయ్, ఏమీ అనుకోను" అన్నాను. "వెళ్తున్నా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మర్నాడు కుర్చీ ఇటు లాక్కుని, "నిన్న ఆ పళ్లచక్రం దగ్గర ఆపావు, తర్వాతేంటి?" అన్నాడు. ఇది మాటవరసకి అడిగావా అని అడిగాను. కాదన్నాడు. చెప్పాను. ఈసారి మధ్యలో రెండుసార్లు నేనే ఆగి, అతని పాదాలవైపు చూశాను.