ఇరవై నిమిషాలకే ట్రిప్పయ్యే బోరు మోటారు: పైకి లాగకుండానే లోపం పట్టుకున్న తీరు

మోటారు 5 హెచ్‌పీ త్రీఫేజు సబ్‌మెర్సిబుల్. నేమ్‌ప్లేటు మీద 8.5 ఆంపియర్లు. పొద్దున్నే వేస్తే గంట దాకా నడిచేది, మధ్యాహ్నమైతే ఇరవై నిమిషాలకే ఓవర్‌లోడ్ రిలే (ఆంపియర్లు హద్దు దాటితే మోటారును ఆపేసేది) కొట్టేసేది. నీళ్లు తగ్గలేదు. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: వైండింగ్ పోతోంది, మోటారు లాగాల్సిందే.

ఆ మాటకు ఆధారం మోటారు ఆపి ఉన్నప్పుడు చూసిన ఓల్టేజీ. మూడు ఫేజుల మధ్యా 410 ఓల్టులు చూపించింది. లైను బాగుంది కాబట్టి తప్పు మోటారుదేనన్నారు. నేనూ నమ్మి రిలే డయల్‌ను 10కి తిప్పాను. ట్రిప్పులు ఆగాయి. అది మందు కాదని మర్నాడే అర్థమై మళ్లీ 8.5కే తెచ్చాను. బోరులో ఉన్న మోటారు ఎంత వేడెక్కుతోందో మనకు కనపడదు. దాన్ని కాపాడేది ఆ రిలే ఒక్కటే, దాన్ని పెంచితే ఏదో ఒక రోజు వైండింగ్ నిజంగానే కాలుతుంది.

ఆ తర్వాత పెట్టుకున్న నియమాలు రెండు. ఏ కొలత అయినా మోటారు నడుస్తుండగా, పది నిమిషాలు గడిచాకే తీయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ రాసుకోవాలి. ఆపి ఉన్న మోటారు దగ్గర ఓల్టేజీ చూస్తే ఏమీ తెలియదు. కరెంటు పారనప్పుడు లూజు జాయింటు దగ్గర ఓల్టేజీ పడదు. లోడు మీద ఉంటేనే అది బయటపడుతుంది.

మూడు ఫేజుల పేర్లు వరసగా ఆర్, వై, బీ. నడుస్తుండగా స్టార్టర్ అవుట్‌పుట్ దగ్గర తీసిన ఓల్టేజీలు ఇవీ: ఆర్-వై 399, వై-బీ 404, బీ-ఆర్ 391. సగటు 398. దానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది 391, తేడా 7, అంటే 1.8 శాతం. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఓల్టేజీలో ఒక శాతం తేడా ఉంటే మోటారు ఆంపియర్లలో అది ఆరు నుంచి పది రెట్లవుతుంది. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసేది) అదే చూపించింది: ఆర్ 8.0, వై 9.5, బీ 8.0. సగటు 8.5, తేడా 1.0, దాదాపు 12 శాతం. సబ్‌మెర్సిబుల్‌కు ఇది 5 శాతం లోపు ఉండాలి. 8.5కి పెట్టిన రిలే 9.5ను కాసేపు ఓర్చుకుని కొట్టేస్తుంది. మధ్యాహ్నం స్టార్టర్ డబ్బా వేడిగా ఉంటే ఇంకా తొందరగా కొడుతుంది.

ఇక తేలాల్సింది ఒక్కటే: తప్పు లైనులోనా, మోటారులోనా? దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మోటారు కేబుల్ మూడు వైర్లకు 1, 2, 3 అని టేపు అంటించాను. మెయిన్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి, టెస్టరుతో చూసుకుని, మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపాను. ఆర్, వై, బీలకు వరసగా 1-2-3 ఉన్నది 3-1-2 అయింది. తర్వాత 2-3-1. మూడూ కలిసి జరగాలి. రెండే మార్చుకుంటే మోటారు తిరగబడి తిరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి, కొలతలు పనికిరావు. ఆటో స్టార్టర్ ఉన్న చోట దాన్ని ముందే తప్పించాలి. కరెంటు రాగానే దానంతటదే మోటారును లేపుతుంది, చేతులు లోపల ఉన్నా సరే.

రెండోసారి: ఆర్ 8.1, వై 9.4, బీ 8.0. మూడోసారి: 7.9, 9.5, 8.1. ఏ వైరు తగిలించినా ఎక్కువ ఆంపియర్లు వై దగ్గరే నిలిచాయి. అంటే తప్పు లైను వైపుది. ఎక్కువ ఆంపియర్లు వైరు వెంట జరిగి ఉంటే తప్పు కేబుల్లోనో వైండింగ్‌లోనో. అప్పుడే మెగ్గరు (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) తేవాలి, అప్పుడే లాగే ఆలోచన చేయాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. వైలో ఎక్కువ లాగుతోందని వై జాయింట్లు బిగిస్తారు. నిజానికి ఒక ఫేజు దారిలో అడ్డంకి ఉంటే, దాని ఆంపియర్లు తగ్గి, వరసలో తర్వాతి ఫేజువి పెరుగుతాయి. ఓల్టేజీలు చూసినా ఆర్ కలిసిన రెండే బాగా తగ్గాయి, వై-బీ అంతగా తగ్గలేదు. కాబట్టి వెతకాల్సింది ఆర్‌లో.

నడుస్తుండగా ఆర్ దారిలో ఒక్కో భాగానికీ అటూ ఇటూ మీటరు మొనలు పెట్టి చూశాం. ఇది కరెంటు ఉండగానే చేసే పని, ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. మంచి కాంటాక్టుకు దాదాపు సున్నా రావాలి. మెయిన్ స్విచ్ సున్నా, కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే స్విచ్) సున్నా. కిట్‌క్యాట్ ఫ్యూజు (పింగాణి బేసులోకి క్యారియర్‌ను నొక్కి పెట్టేది) దగ్గర 11 ఓల్టులు! 11 ఓల్టులు, 8 ఆంపియర్లు: 88 వాట్ల వేడి ఆ చిన్న పింగాణి ముక్కలో. ఊడదీస్తే రాగి నాలుకలు నల్లబడి, పట్టు సడలి ఉన్నాయి. దానికి వచ్చే అల్యూమినియం తీగ కొన మీద తెల్లటి పొడి.

ఫ్యూజు తీగ మారిస్తే సరిపోదు, పట్టు పోయింది బేసులో. బేసు, క్యారియర్ రెండూ కొత్తవి వేశాం. అల్యూమినియం కొనను మెరిసేదాకా గీకి, బైమెటల్ లగ్గు (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉన్న తొడుగు) వేసి నొక్కాం. అల్యూమినియాన్ని నేరుగా రాగికి బిగిస్తే తేమకు మళ్లీ పొడి పట్టి లూజవుతుంది. తర్వాత ఆంపియర్లు: 8.3, 8.4, 8.2. రిలే 8.5 మీదే ఉంది, మధ్యాహ్నం ఎండలోనూ ట్రిప్ లేదు.

మూడు ఫేజుల్లోనూ ఒకేలా పెరిగితే ఈ దారి పనికిరాదు. అప్పుడు పంపులో ఇసుక పట్టిందేమో, లైను ఓల్టేజీయే తక్కువగా ఉందేమో చూడాలి. మూడూ ఒకేలా బాగా పడిపోతే బోరులో నీళ్లు అడుగంటుతున్నట్టు, వెంటనే ఆపాలి.

ఇప్పటి కొలతలు తేదీతో సహా స్టార్టర్ డబ్బా తలుపు లోపల రాసి ఉన్నాయి. అల్యూమినియం కొన మొదటి కొన్ని రోజుల్లో కాస్త సర్దుకుంటుంది కాబట్టి, పదిహేను రోజులకు మెయిన్ ఆపి లగ్గు ఇంకోసారి బిగించి, అవే మూడు అంకెలు మళ్లీ తీసి వాటి కింద రాశాను.