హవాసాలో బున్నా కొట్టుకు లైసెన్సు: నా అనుభవం

మా ఆయన కాంట్రాక్టు మీద ఇథియోపియాలోని హవాసా నగరంలో పాఠాలు చెప్పడానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. అప్పట్లో ఇథియోపియా యూనివర్సిటీల్లో మన తెలుగు లెక్చరర్లు బాగానే ఉండేవాళ్ళు. వాళ్ళకు వర్క్ పర్మిట్ ఉంటుంది, వెంట వెళ్ళిన మాలాంటి వాళ్ళకు ఉండదు. పెళ్ళికి ముందు డ్వాక్రా సంఘాల మధ్య తిరిగిన మనిషిని, ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. 2014 చివర్లో మా వీధి మలుపులో బున్నా (కాఫీ) అమ్మే అమ్మాయి లైసెన్సు తీసుకుంటానంటే, పిలవకపోయినా తోడు వెళ్ళాను.

కొట్టంటే గోడలూ కప్పూ ఏమీ లేవు. బొగ్గుల కుంపటి, దాని మీద జెబెనా అనే నల్ల మట్టి కూజా, సిని అనే చిన్న కప్పులు పేర్చిన చిన్న బల్ల, కింద పరిచిన పచ్చగడ్డి, సాంబ్రాణి పొగ, నాలుగు ముక్కాలిపీటలు. అంతే. కప్పు 4 బిర్లు (బిర్ అంటే అక్కడి రూపాయి). పొద్దున్నే బజాజ్ డ్రైవర్లు వచ్చేవాళ్ళు. ఇండియా నుంచి వచ్చిన ఆటోలే, నీలం రంగువి. ఆటో అంటే అక్కడ ఎవరికీ తెలియదు, బజాజ్ అనాలి. ఆ పక్కనే ఆమె తమ్ముడు లిస్త్రో, అంటే బూట్లు పాలిష్ చేసే కుర్రాడు. అవతల మూలన గులిత్ (రోడ్డు పక్క చిల్లర బజారు) ఆడవాళ్ళు టమాటాలూ ఉల్లిపాయలూ చిన్న చిన్న కుప్పలుగా పోసి అమ్మేవాళ్ళు.

వీళ్ళందరి టెన్షనూ ఒకటే, దెంబ్ అస్కెబారీలు. రోడ్డు పక్క అమ్మకాలు ఎత్తించే మనుషులు. వస్తున్నారన్న కబురు అందితే నిప్పులతో సహా కుంపటి ఎత్తుకుని పరుగే. ఒకసారి మా అమ్మాయి (బున్నా అమ్మాయిని నేనలాగే అంటాను) పీటలు మొత్తం పోయాయి.

మరి లైసెన్సు తీసుకోవచ్చు కదా అంటే, లైసెన్సుకు అడ్రసు కావాలి, అడ్రసుకు అద్దె షాపు కావాలి, షాపుకు అడ్వాన్సు కావాలి. దీనికి అక్కడి ప్రభుత్వం పెట్టిన దారి పేరు తికాకిన్, చిన్న వ్యాపారాల పథకం. 1997లో మొదటి విధానం వచ్చింది, 2011లో మార్చారు. అప్పట్లో ఐదుగురి దాకా పనిచేసే వ్యాపారం, సేవల రంగంలోదైతే 50,000 బిర్ల దాకా పెట్టుబడి ఉన్నది, సూక్ష్మ సంస్థ కిందకి వచ్చేది. గుంపుగా వస్తే తక్కువ అద్దెకు రేకుల షెడ్డు ఇచ్చేవాళ్ళు, అప్పు ఇప్పించేవాళ్ళు. కాబట్టి మా అమ్మాయి నలుగురిని వెతుక్కుంది: ఇంజెరా (పెద్ద దోసె లాంటి రొట్టె) కాల్చే ఆవిడ, సాంబూసాలు (మన సమోసాల్లాంటివి) వేసే ఆవిడ, కోలో (వేయించిన బార్లీ) అమ్మే ముసలావిడ, ఉడికించిన బంగాళాదుంపలకు కారం అద్ది అమ్మే ఇంకో పిల్ల.

మొదటి మెట్టు మీదే ఆగిపోయాం. మా అమ్మాయికి హవాసాలో కెబెలే కార్డు లేదు. ఆమెది వొలైతా సోడో అనే ఊరి పక్క పల్లె. కెబెలే అంటే మన వార్డు లాంటిది. కొత్త ఊళ్ళో కార్డు కావాలంటే పాత ఊరి కెబెలే నుంచి మెషెన్యా తేవాలి, ‘ఈ మనిషి మా దగ్గర నుంచి వెళ్ళింది, మాకేం అభ్యంతరం లేదు’ అనే ఉత్తరం. పొట్ట చేత పట్టుకుని పట్నం వచ్చేవాళ్ళలో ఆ ఉత్తరం అడిగి వచ్చేవాళ్ళెవరు? నన్నడిగితే ఈ పథకంలో అసలు గడప ఇదే. అప్పు, షెడ్డు అన్నీ దీని తర్వాతే.

ఇద్దరం బస్సెక్కాం. షాషెమెనే దాటి హలాబా దగ్గరకొచ్చేసరికి రోడ్డు పక్కన ఎండుమిరపకాయలు. గుంటూరు యార్డు కళ్ళ ముందు కదిలింది. పల్లెలో సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి ఏదో చావుకు వెళ్ళాడన్నారు. అక్కడ చావంటే ఒక్క పూట కాదు, రోజుల తరబడి వచ్చిపోయే జనం ఉంటారు. వాళ్ళమ్మ మాకు మొక్కజొన్న రొట్టె పెట్టి, ఇంతకాలం కూతురు ఏం తిన్నదో, ఎక్కడ పడుకున్నదో ఆరా తీసింది. ఉత్తరం దొరికింది.

హవాసా తిరిగొచ్చి తీరా చూపిస్తే కెబెలే గుమస్తా వెనక్కి నెట్టాడు. అమ్హారిక్ లిపిలో ‘హ’ శబ్దానికి ఒకటి కన్నా ఎక్కువ అక్షరాలున్నాయి. ఉత్తరంలో తాత పేరు ఒక ‘హ’తో ఉంది, బడి కాగితంలో ఇంకో ‘హ’తో ఉంది. అక్కడ ఇంటిపేరు ఉండదు, తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కలిపితేనే మనిషి. తాత మారితే మనిషే మారినట్టు! చివరికి ఆమె ఉన్న ఇద్దిర్ ఆదుకుంది. చావు ఖర్చులకని ఇరుగుపొరుగు నెలనెలా చందా వేసుకునే సంఘం అది. టెంట్లు, బెంచీలు, పెద్ద గిన్నెలు దాని సొంతం. అందులోని ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చి ‘మా మనిషే’ అని సాక్ష్యం చెప్పారు. కార్డు చేతికొచ్చింది.

తర్వాత ట్రైనింగు. ఉదయం మూడింటికి రమ్మన్నారు, అంటే మన తొమ్మిది. అక్కడ గంటలు తెల్లారిన దగ్గర్నుంచి లెక్క. కాగితాల మీద సంవత్సరం 2007 అని వేశారు, వాళ్ళ క్యాలెండర్ లెక్కలో అప్పుడు నడుస్తున్నది అదే. టాక్స్ నంబరుకు వేలిముద్రలు తీసుకుంటే ఇంజెరా ఆవిడవి మిషన్‌లో పడలేదు. పెనం వేడికి చర్మం నున్నగా అయిపోయింది. నిమ్మచెక్కతో రుద్దుకుని ఇంకోసారి వెళ్ళింది.

పెద్ద గొడవ బిజినెస్ ప్లాను దగ్గర. ఫారంలో ‘సంస్థ ఆదాయం’ అని ఒక్కటే గడి. ఐదుగురి సంపాదనా ఒక డబ్బాలో వేసి సమంగా పంచుకోవాలని ఆఫీసు వాళ్ళ ఊహ. ‘తెల్లారకముందే లేచి కుంపటి రాజేసేది నేను, పది గంటలకొచ్చే దానితో సమానమా?’ అంది మా అమ్మాయి. కోలో ముసలావిడ తన గంప ఎవరికీ ఇవ్వనంది. అప్పుడు నేను మా డ్వాక్రా సంగతి చెప్పాను. బ్యాంకు అప్పు సంఘం పేరున వస్తుంది, మీటింగులో పంచుకుంటారు, ఎవరి గేదె వాళ్ళది, ఎవరి మిషన్ వాళ్ళది, కిస్తీ మాత్రం అందరిదీ. వాళ్ళు నా వైపు జాలిగా చూశారు. ‘మేమూ అదే అనుకున్నాం అక్కా. ఆఫీసులో మాత్రం అనకు.’ మా ఆయన స్టూడెంటు ఒకడు అమ్హారిక్‌లో చక్కగా ఒకే డబ్బా ఉన్న ప్లాను రాసిపెట్టాడు. అబద్ధమేమో గానీ, ఆ ఫారం రాసినవాళ్ళ కంటే ఈ ఐదుగురికే వ్యాపారం తెలుసని నా నమ్మకం.

అప్పు రూలు అప్పట్లో 20కి 80. పెట్టుబడి 50,000 అనుకుంటే, 10,000 ముందు మనం పొదుపు చేసి చూపించాలి, 40,000 మైక్రోఫైనాన్సు ఇచ్చేది. ఆ పదివేలు వాళ్ళ ఇకుబ్‌లో నుంచి వచ్చాయి. ఇకుబ్ మన చీటీ లాంటిదే, పాట మాత్రం లేదు, పేర్లు తీస్తారు. 40 మంది, రోజుకు తలా 10 బిర్లు, వారానికి ఒకరికి 2,800. ఈ ఐదుగురూ వేరేవాళ్ళతో వంతులు మార్చుకుని, హామీలు చూపించి, తలా 2,000 పక్కన పెట్టారు. ఆ ఆఫీసు గుమస్తాలకు కూడా ఎక్కడో ఒక ఇకుబ్ ఉండే ఉంటుంది. ఫారంలో దానికి గడి లేదు. అప్పుకు నేను హామీ ఉంటానంటే విదేశీయులు పనికిరారన్నారు. ఒకరికొకరు హామీ రాసుకున్నారు, డబ్బు వచ్చింది.

షెడ్డు వచ్చింది గానీ నాకు నచ్చలేదు. సందు లోపల, బజాజ్‌లు తిరగని చోట. ఐదేళ్ళకు మించి ఉంచేవాళ్ళు కాదు కూడా. మొదట్లో గిరాకీ సగానికి పడిపోయింది. మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను, ఆమె తమ్ముణ్ణి పాత మలుపులోనే కూర్చోబెట్టింది. బూట్లు తుడుస్తూ ఆర్డర్లు తీసుకోవడం, షెడ్డు నుంచి ట్రేలో కప్పులు మోసుకెళ్ళడం వాడి పని. కప్పుకు ఇంత అని వాడికీ వాటా.

హమ్లే నెలలో, అంటే 2015 జూలైలో, పన్ను. అందరికంటే చిన్న వ్యాపారులకు అప్పట్లో సి కేటగిరీ ఉండేది. లెక్కల పుస్తకం అక్కర్లేకపోయేది, అధికారులే రోజు అమ్మకం అంచనా వేసి పన్ను ఎంతో తేల్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు రోజుకు ఎన్ని కప్పులని అడిగితే, మా అమ్మాయి వాళ్ళకే బున్నా పోసి, ‘ఇవాళ ఇవే మొదటివి’ అంది. అయినా ఆమె అనుకున్నదానికంటే ఎక్కువే వేశారు. గొణుక్కుంటూ కట్టారు, లైసెన్సు రెన్యువల్ అయింది.

మేం తిరిగొచ్చే నాటికి అప్పు సగం తీరింది. సాంబూసాల ఆవిడ పెళ్ళి చేసుకుని షాషెమెనే వెళ్ళిపోయింది. పేరు మార్పించాలంటే ఆమె చోట వచ్చిన కొత్తావిడకు మళ్ళీ కార్డూ వేలిముద్రా అన్నీ కావాలి. కాగితం మీద పాతావిడ పేరే ఉంచేశారు, కిస్తీ కొత్తావిడ కడుతూ ఉండేది.