డెబ్బై శాతం సోమవారం

సోమవారం అంటే నాకు కీళ్ల జబ్బు కోసం ఆదివారం రాత్రి వేసుకున్న మెథోట్రెక్సేట్ మాత్రల మరుసటి రోజు. అది వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మొదటి రోజే గట్టిగా చెప్పడంతో, అమ్మ వంటింటి క్యాలెండరులో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, నేను వేసుకున్న తరువాత దానిమీద అడ్డంగా గీత కొడుతుంది. సోమవారం నోరు చేదుగా ఉంటుంది, అన్నం వాసన పడదు, ఒళ్లంతా తడి బట్ట కప్పుకున్నట్టు బరువుగా ఉంటుంది. ఈ రోజూ అంతే.

ఆరున్నరకు మెలకువ వచ్చింది కానీ వేళ్లు మెలకువకు రాలేదు. చలికాలం పొద్దున పిడికిలి పట్టబోతే వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోతాయి, బలవంతం చేస్తే చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర నిప్పు తగిలినట్టు అవుతుంది. అమ్మ వెడల్పు గిన్నెలో వేడినీళ్లు తెచ్చి పెట్టి, “కాసేపు నీళ్లల్లనే ఉంచు బిడ్డా, ఎవలన్న ఉరికిస్తున్నరా నిన్ను?” అంది. గంటంపావు పట్టింది. ఎనిమిదింటికి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోగలిగాను.

ఈ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొరను పరాయిదనుకొని దాడి చేస్తుంది. అయితే నల్లగొండలో కీళ్ల నొప్పి అన్నాక ఎవరికైనా ముందు తట్టేది నీళ్లే. అమ్మది మర్రిగూడెం వైపు ఊరు. ఆ బోరు నీళ్లే తాగి పెరిగిన మా పెద్దమ్మ నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారంటే ఈ నేల ఎంత పడిందో తెలుస్తుంది. అందువల్ల నా వేళ్లు వాచిన మొదటి సంవత్సరం చుట్టాలూ, నేను చూపించుకున్న మొదటి వైద్యుడూ ‘ఫ్లోరిన్ నొప్పులు’ అనే అన్నారు. పెద్దమ్మ వెన్ను బిగుసుకుపోయి పగలూ రాత్రీ ఒక్క తీరుగా ఉండేది. నా చేతులు పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు. ఆ తేడాను ఎవరైనా అప్పుడే పట్టించుకొని ఉంటే ఒక సంవత్సరం ముందే మందు మొదలయ్యేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నం కొద్దిగా మజ్జిగన్నం తిని పడుకున్నాను. ట్యూషన్ పిల్లలు నాలుగున్నరకు వస్తారు కనుక రెండున్నరకు లేచి ల్యాప్‌టాప్ తెరిచాను. ఈ మధ్య నేను ఆడుతున్న గేమ్ సెలెస్ట్. 2018 జనవరిలో వచ్చిన గేమ్ అది. మాడలిన్ అనే అమ్మాయి ఒక పర్వతం ఎక్కడానికి పూనుకుంటుంది, కథ అంతే. ఆటలో చేయవలసినవి కూడా ముఖ్యంగా మూడే: దూకడం, గాలిలో ఒక్కసారి దూసుకుపోవడం, గోడను పట్టుకొని ఎక్కడం. పట్టు జారినా, ముళ్ల మీద పడినా వెంటనే అదే తెర మొదట్లో మళ్లీ లేచి నిలబడుతుంది. మా మిద్దె మీద నుంచి చూస్తే లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపిస్తుంది. చిన్నప్పుడు ఉర్సుకు నాన్న వేలు పట్టుకొని ఆ మెట్లన్నీ ఎక్కి, పైనుంచి మా వీధిని వెతికేదాన్ని. ఇప్పుడు అటు చూస్తే మోకాలు ముందే లెక్క వేసుకుంటుంది. గుట్ట ఎక్కే ఆటను ఎందుకు ఎంచుకున్నానో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

కంట్రోలర్‌ను చేతుల్లో ఎత్తి పట్టుకోను, ఒళ్లో దిండు వేసుకొని దానిమీద ఆనించి పెట్టుకుంటాను. దాని రెండు పిడులకూ అమ్మ పాత నూలు చీర పేలికలు చుట్టి, చివర దారంతో కుట్టింది. గరిటె కాడకూ, నా దువ్వెనకూ ముందే అలా చుట్టి పెట్టింది. పిడి లావైతే వేళ్లు అంత గట్టిగా బిగించనక్కరలేదని ఫిజియోథెరపిస్టు చెప్పిన మాటను అమ్మ ఇల్లంతటికీ వర్తింపజేసింది. ఆ పేలిక మీద వెలిసిపోయిన పసుపు పువ్వు ఒకటి సరిగ్గా నా ఎడమ బొటనవేలి కిందికి వస్తుంది.

నాకు అసలు ఇబ్బంది గోడను పట్టుకునే బటన్‌తో. ఎక్కినంతసేపూ దానిని చూపుడు వేలితో నొక్కి పట్టుకోవాలి. నొక్కి వదిలేయడం నా వేలికి చేతనవుతుంది, నొక్కి పట్టి ఉంచడం కాదు. గేమ్ సెట్టింగులలో పట్టుకునే పద్ధతిని మార్చుకోవచ్చని తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒకసారి నొక్కితే పట్టు, మరోసారి నొక్కితే విడుపు. ఆ ఒక్క మార్పుతో వారం రోజులుగా దాటలేని గోడను ఆ సాయంత్రమే దాటాను. గోడ ఎత్తు తగ్గలేదు, మాడలిన్ ఓపిక అయిపోతే ఎర్రగా మెరిసి జారిపోవడమూ తప్పలేదు, ఎప్పుడు దూకాలో తేల్చుకోవలసిందీ నేనే.

దానితో పాటు అసిస్ట్ మోడ్ అని ఒకటి ఉంది. అందులో ఆట వేగాన్ని వంద నుంచి యాభై శాతం దాకా పదేసి చొప్పున తగ్గించుకోవచ్చు. ఆట మధ్యలో ఆపి, మార్చుకొని, మళ్లీ అక్కడి నుంచే సాగించవచ్చు. నిన్న తొంభై మీద ఆడాను. ఈ రోజు తొంభై మీద నాలుగో అధ్యాయంలోని ఎదురుగాలి నన్ను పదిహేనుసార్లకు పైగా లోయలోకి తోసింది. ఎప్పుడు నొక్కాలో కంటికి తెలుస్తూనే ఉంది, వేలు మాత్రం ఆ క్షణం దాటాక చేరుతున్నది. ఎనభైకి దించాను. చాలలేదు. డెబ్బైకి దించాక వేలూ కన్నూ ఒక్కచోట కలిశాయి.

అన్న కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాడు, చేతులు మెరుపులా కదులుతాయి. తెర చూసి, “నిన్న తొంభై మీద ఆడినవు గదా అత్తా, ఇయ్యాల డెబ్బై ఏంది? గట్ల ఆడితే గెలిచినట్టేనా?” అన్నాడు. వాడి మాటలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అయినా ఆ మొదటి సగం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నేను ఎక్కువగా వినే మాట అదే. నిన్న పెళ్లిలో బాగానే ఉన్నావు కదా, మొన్న బిందె ఎత్తావు కదా, పొద్దున లేవలేదన్నావు, ఇప్పుడు బోర్డు మీద రాస్తున్నావు కదా అంటారు.

వైకల్య ధ్రువపత్రం కోసం ఒకసారి ఒక శిబిరానికి వెళ్లాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది కానీ, వాటిలో నా జబ్బు పేరు విడిగా లేదు. చేతులూ కాళ్లూ ఎంత కదులుతున్నాయో చూసి శాతం కడతారు. నలభై శాతం ఉంటేనే చాలా ప్రయోజనాలకు అర్హత. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పిడికిలి పట్టమన్నారు, ఆ వేళకు పట్టగలిగాను. పొద్దున ఏడింటికి నా మంచం దగ్గరికి వచ్చి అడిగి ఉంటే ఆ కాగితం మీద వేరే అంకె పడేది. చూసినవారు మర్యాదగానే మాట్లాడారు. కానీ గంటకొక తీరుగా మారే చేతిని ఒక్క గంటలో కొలిచి జీవితకాలానికి రాసే పద్ధతి అన్యాయమని నా నమ్మకం, ఎవరు అడిగినా అదే చెబుతాను.

వాడికి ఇదంతా చెప్పలేదు. వాడి కుడి చేతి చూపుడు వేలికీ నడి వేలికీ మధ్య పెన్సిల్ పెట్టి, రబ్బరుబ్యాండుతో బిగించి, ఇప్పుడు వంద మీద ఆడమన్నాను. మూడు నిమిషాలు ఆడాడు. గాలి తెరలో తొమ్మిదిసార్లు పడి, ఏమీ మాట్లాడకుండా ఆట ఆపి, వేగం అరవైకి దించి, ఆ తెర దాటి, “దాటుడు అయితే నేనే దాటిన అత్తా” అన్నాడు నెమ్మదిగా. రబ్బరుబ్యాండు తీశాక వేళ్లు చాలాసేపు రుద్దుకున్నాడు.

తరువాత వాడే ఫోన్‌లో వెతికి ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ చూపించాడు. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చినది అది. అరచేతితో నొక్కగలిగే రెండు పెద్ద గుండ్రని బటన్లు, కాలితోనో మోచేతితోనో నొక్కే వేరే స్విచ్‌లు తగిలించుకోవడానికి వెనుక 19 సాకెట్లు. చేతులతో అసలే పట్టుకోలేని వారికి అది ఎంత పెద్ద ద్వారమో ఊహించగలను. నాకు ప్రస్తుతానికి చీర పేలికా, ఆ పదేసి శాతాల మెట్లూ సరిపోతున్నాయి. రేపు సరిపోకపోతే దాని సంగతి అప్పుడు చూస్తాను.

ఇరవై నిమిషాలకు ఫోన్ అలారం మోగింది. బాగున్న చేతిని మితిమీరి వాడితే మరుసటి రెండు రోజులు అప్పు తీర్చుకోవలసి వస్తుంది కనుక అలారం మోగగానే ఆపుతాను, ఎంత రసపట్టులో ఉన్నా సరే. ఈ రోజు మాత్రం ఒక్క తెర ఎక్కువ ఆడాను. ఎదురుగాలి ఆగిన ఒక్క క్షణం చూసుకొని దూకి, పైఅంచు పట్టుకొని, పట్టు నిలిచిందని తెలిసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన కేక విని అమ్మ వంటింట్లో నుంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. “ఏమైంది బిడ్డా?” “ఎక్కిన్నమ్మా” అన్నాను. తెర వైపూ నా చేతుల వైపూ చూసి, “సరే తియ్యి, చేతులకు టవల్ చుట్టుకో” అని వెళ్లింది.

ట్యూషన్‌లో ఈ రోజు త్రికోణమితి. లావుపాటి మార్కర్‌తో రెండు లెక్కలు నేను చేసి, మిగతావి పిల్లలతోనే బోర్డు మీద చేయించాను.

ఈ టపా మొదటి సగం టైప్ చేశాను. బొటనవేలు మొరాయించడంతో రెండో సగం ఫోన్‌కు చెప్పి రాయించాను. అది ‘పేలిక’ను రెండుసార్లు ‘పోలిక’ అని రాసింది, దిద్దాను. క్యాలెండరులో నిన్నటి ఎర్ర గుండ్రానికి గీత పడింది. ఆ మందు దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ మాత్రను అమ్మ ముందే పట్టీ నుంచి కత్తిరించి, మూత లేని చిన్న గిన్నెలో నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది.