ఒకే పేరు, రెండు దారులు

బ్రిస్బేన్‌లో ఒక పాథాలజీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. పొద్దున్నే వచ్చే ట్రేల నిండా చర్మం బయాప్సీలే. చాలావరకు బేసల్ సెల్ రకం చర్మ క్యాన్సర్లు, కోసి తీసేస్తే సరిపోయేవి. ఫారం మీద ‘మెర్కెల్ సెల్ కార్సినోమా?’ అని రాసి ఉంటే మాత్రం అదే ముందు చూస్తాం. ఇదీ చర్మ క్యాన్సరే, కానీ మొండిది. నొప్పి కూడా లేని ఎర్రటి బొడిపె, వారాల్లోనే పెరిగి లింఫ్ గ్రంథులకు పాకగలదు.

సీకే20 అనే ప్రోటీన్‌ను పట్టిచూపే స్టెయిన్ (రంగు) వేస్తే న్యూక్లియస్‌ను ఆనుకుని గోధుమరంగు చుక్క తేలుతుంది. దాంతో పేరు దాదాపు తేలిపోతుంది. ఎందుకొచ్చిందో మాత్రం తేలదు.

2008లో పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ బృందం ఈ కణితుల్లో ఒక పాలియోమా వైరస్‌ను కనిపెట్టింది. అమెరికా కేసుల్లో సుమారు 80 శాతంలో అది ఉంటుందని చదువుకుని వచ్చాను. ఆస్ట్రేలియాలో లెక్క తిరగబడింది, వైరస్ లేనివే ఎక్కువ. “ఇక్కడ ఆ పని ఎండే చేసిపెడుతుంది” అన్నారు మా సీనియర్. 

వైరస్ ఉన్న కణితిలో మ్యుటేషన్లు, అంటే డీఎన్ఏలో మార్పులు, చాలా తక్కువ. వైరస్ డీఎన్ఏ మన డీఎన్ఏలో ఇరుక్కుని, లార్జ్ టీ అనే ప్రోటీన్‌ను కురచగా తయారుచేయిస్తుంది. కణ విభజనకు బ్రేకు వేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను అది పట్టేసుకుంటుంది. అంటే ఆర్‌బీ జన్యువు సాధారణంగా బాగానే ఉన్నా దాని పని ఆగిపోతుంది. విచిత్రమేమిటంటే, ఆ కురచదనం వల్ల వైరస్ కూడా ఇక పిల్లలు పెట్టలేదు. వైరస్ లేని కణితిలో డీఎన్ఏ నిండా ఎండ గాట్లే. డీఎన్ఏ అక్షరాల్లో సి ఉండాల్సిన చోట టి, అలాంటివి వందలు, వేలు. ఆర్‌బీ ప్రోటీన్‌ను తయారుచేసే ఆర్‌బీ1, కణితులను అడ్డుకునే మరో జన్యువు టీపీ53, ఈ రెండే చాలావాటిలో చెడిపోయి ఉంటాయి.

ఒంటి రక్షణ శక్తినే కణితి మీదకు పంపే ఇమ్యూనోథెరపీ రెండింటి మీదా పనిచేయగలదు, అందరికీ కాకపోయినా. వైరస్ ప్రోటీన్ ఒంటికి పరాయిదే, ఎండకు మారిన ప్రోటీన్లూ పరాయివే. 2017లో అమెరికాలో అవెలుమాబ్ అనే అలాంటి మందుకు అనుమతి దొరికింది.

మనవాళ్లు కలిసినప్పుడల్లా అడుగుతారు, “మన రంగుకి ఇవన్నీ రావు కదా?” అని. ముప్పు తక్కువే. కానీ ఆ వైరస్ చాలామంది పెద్దవాళ్ల చర్మం మీద హాని చేయకుండా ఉంటుంది, దానికి రంగుతో పనిలేదు. కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లయితే, రంగు చూసి నేను ధీమాగా ఉండను.