కాలర్‌కి తగిలించిన ఫిల్టర్

నిన్న కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో దుమ్ము కొలవడానికి వెళ్లాను. అంచులు నున్నగా చేసే అన్న నడుముకి చిన్న పంపు కట్టి, గొట్టం చివరనున్న ఫిల్టర్‌ని ముక్కుకి దగ్గరగా కాలర్‌కి తగిలించాను.

"ఇందులో మా మాటలు రికార్డవుతాయా సార్?" అన్నాడు అనుమానంగా.

"మాటలు కాదన్నా, నువ్వు పీల్చే దుమ్ము."

పెద్ద కట్టర్ మీద నీళ్లు పారుతుంటాయి, అక్కడ దుమ్ము పెద్దగా లేవదు. బాధంతా చేతి గ్రైండర్‌తోనే. పొడిగా పట్టాడంటే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. నిజానికి కంటికి కనిపించని సన్నటి దుమ్మే ఊపిరితిత్తుల లోతుకి పోయి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు.

2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో, గాలిలో ఎంత దుమ్ము దాకా ఉండొచ్చో ఒక లెక్కుండేది. ఆ సన్నటి దుమ్ములో క్వార్ట్జ్ (రాయిలో ఉండే సిలికా) ఎంత శాతమో చూసి, దానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగించాలనేది. క్వార్ట్జ్ 30 శాతం అనుకుంటే, ఘనపు మీటరు గాలికి 0.31 మిల్లీగ్రాముల దుమ్ము దాకా చెల్లేది. అందులో క్వార్ట్జ్ ఒక్కటే 0.09 పైన. అమెరికా 2016లో క్వార్ట్జ్‌కి పెట్టిన హద్దు 0.05, అదీ 8 గంటల సగటు. ఇంచుమించు రెట్టింపు తేడా! రాయి అదే, ఊపిరితిత్తులూ అవే.

సాయంత్రం పంపు విప్పేసరికి ఫిల్టర్ బూడిదరంగుకి తిరిగింది.

"పాసా, ఫెయిలా సార్?"

ల్యాబ్‌లో తూకం వేశాక చెప్తానన్నాను. గ్రైండర్‌కి నీళ్ల పైపు పెట్టించమని మాత్రం రిపోర్టు రాకముందే ఓనర్‌కి చెప్పేశాను. "చూద్దాం సార్" అన్నాడు.