"వెన్నుకి రాడ్లు వేశారుగా, ఇంకేం?" అంటారు అందరూ.

నేను డాబా మీంచి పడితే ఎల్1 పూస, అంటే నడుములో అన్నిటికంటే పైనున్న వెన్నుపూస, నలిగిపోయింది. ఎత్తు నుంచి పడ్డవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది ఆ చుట్టుపక్కలే. పక్కటెముకలతో బిగుసుకున్న పై వెన్ను, తేలిగ్గా వంగే నడుము కలిసే చోటది. పూసలోంచి ఒక ముక్క వెనక్కి, నరాలుండే కాలవలోకి జరిగింది. బోర్లా పడుకోబెట్టి, సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ చేస్తుండగానే చూపించే ఎక్స్‌రే మెషిన్) చూసుకుంటూ పైన రెండు, కింద రెండు పూసల్లో కలిపి 8 టైటానియం స్క్రూలు దించారు. రెండు వైపులా 5.5 మి.మీ. రాడ్లు బిగించి, నరాల మీద ఒత్తిడి పోయేలా వెనక ఎముక కొంత తీసేశారు. సర్జన్‌గారి చేతికి వెయ్యి దండాలు.

భయమంతా యూరిన్ ట్యూబు తీసిన రాత్రే. పొత్తికడుపు ఉబ్బిపోయింది, చుక్క రాదు. తొడల మధ్య స్పర్శ ఉందో లేదో నాకే తెలియడం లేదు. సిస్టరు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు "నొప్పి మందుల వల్లేలే, పొద్దున చూద్దాం" అన్నాడట. కోసిన చోట లోపల రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కినా ఇవే లక్షణాలు. అదే అయితే వెంటనే మళ్లీ తెరవాలి, తెల్లారేదాకా ఆగితే కాళ్లు, మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. ఆ సిస్టరు ఊరుకోలేదు, పట్టుబట్టి రప్పించింది. కాలి బొటనవేళ్లు పైకెత్తించాడు, మలద్వారం చుట్టూ స్పర్శ చూశాడు. అన్నీ బాగున్నాయి. ట్యూబు మళ్లీ వేస్తే దాదాపు లీటరు వచ్చింది. అతని మాటే నిజమైంది, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి వేసి చూడకుండా అన్న మాట అది. నా కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత మామయ్య: "ఇనుప నడుమురా నీది, బస్తాలు మోసెయ్!" శ్లాబు గట్టిపడేదాకా నిలబెట్టే సెంట్రింగ్ లాంటివి ఈ రాడ్లు. ఎముక అతుక్కోకపోతే అడుగడుగునా బరువంతా లోహం మీదే పడి, ఎప్పుడో రాడ్డు విరుగుతుంది, లేదా స్క్రూ వదులవుతుంది. ఎముక బోలుబారిన పెద్దవాళ్లలో పట్టు ఇంకా తక్కువ, అందుకే కొందరికి స్క్రూ చుట్టూ ఎముకల్లో వాడే సిమెంటు ఎక్కిస్తారు. సిగరెట్ తాగితే అతకడం ఆలస్యమవుతుంది.

ఇలాంటి ఆపరేషన్ అయ్యాక, పక్కకి తిరిగేటప్పుడు భుజం, తుంటి ఒకేసారి కదలాలి. లేవాలంటే ముందు పక్కకి తిరిగి, కాళ్లు మంచం దించుతూ చేత్తో నెట్టుకోండి. వంగి బిందె ఎత్తొద్దు. కుట్ల దగ్గర తడి, చీము, జ్వరం కనిపిస్తే ఆరోజే చూపించండి. డిశ్చార్జి ఫైల్లో స్క్రూల స్టిక్కర్లు ఉన్నాయా లేదా అడగండి. రేపు తీయాల్సి వస్తే కంపెనీ, సైజు తెలియాలి, ఒకదాని స్క్రూడ్రైవరు ఇంకోదానికి పట్టకపోవచ్చు.

మా అమ్మ నా పేరున ఆంజనేయస్వామికి పొర్లుదండాలు మొక్కుకుంది. ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనిపించేదాకా నడుము మెలిపెట్టే పనేదీ వద్దన్నారు సర్జన్‌గారు. పూజారిగారేమో బెల్టు పెట్టుకుని ప్రదక్షిణలు చేస్తే స్వామి కాదనడులే అన్నారు. అవే చేశాను.