అద్దె ఎంతన్నది తప్ప అన్నీ మాట్లాడుకుంటాం

ఇల్లు అద్దెకివ్వడం ఒంటరి వ్యవహారం. ఆఫీసులో ఏదైనా తెలియకపోతే పక్క సీట్లో ఉన్నవాళ్లని అడిగేస్తాం. ఓనరుకి పక్క సీటు ఉండదు. బాత్రూం నుంచి కింది ఫ్లాట్‌లోకి నీళ్లు దిగుతున్నాయని ఫోనొస్తే ఎవరిని పిలవాలి, ఎంత అడిగితే న్యాయం, టైల్స్ నిజంగానే పగలగొట్టాలా, అన్నీ ఒక్కళ్లమే తేల్చుకోవాలి. నాలాగా ఉద్యోగం చేసుకుంటూ రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చినవాళ్లకి ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. పెద్ద కంపెనీలకి మేనేజర్లు ఉంటారు. మనకి మనమే.

ఇప్పుడు నాకు ఆ పక్క సీటు దొరికింది. ఒకరింటికొకరు నడిచి వెళ్లేంత దూరంలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లం పన్నెండు మంది దాకా ఒక గుంపుగా ఉన్నాం. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు అసలే లేడు. ఇలాంటిది ఎలా కట్టుకోవాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏం మాట్లాడుకోకూడదో మొదట్లోనే ఒప్పుకుంటే ఇలాంటి గుంపు నిలబడుతుంది. లేకపోతే ఒక్క గొడవతో చెదిరిపోతుంది.

మొదలుపెట్టడానికి మీటింగూ హాలూ అక్కర్లేదు. ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగితే చాలు. నేను అడిగింది మా బిల్డింగ్‌లోనే ఇంకో ఫ్లాట్ అద్దెకిచ్చిన ఓనరుని: "మీ బాత్రూం పైపులు ఎవరు మార్చారండీ?" అని. ఒకే బిల్డింగ్‌లో ఒకే ఏడాది ఒకే మనిషి వేసిన పైపులు దాదాపు ఒకేసారి ముసలివవుతాయి. పై అంతస్తులో ఒక జాయింట్ పోయిందంటే మనది కూడా వరసలో ఉందన్నమాట. ఈ సంగతి ఏ ప్లంబరూ మనకి ఫోన్ చేసి చెప్పడు, పక్క ఓనరే చెప్పాలి. ఆయన చెప్పారు, నేను ఇంకొకరికి చెప్పాను, ఆవిడ తన ఎలక్ట్రీషియన్ నంబరు ఇచ్చారు. అలా పెరిగింది.

మా అందరికీ బాగా పనికొచ్చిన పాఠం మాలో ఉన్న ఒక రిటైర్డ్ సివిల్ ఇంజనీరు గారు చెప్పింది. చెమ్మ కనబడగానే గోడ పగలగొట్టొద్దు అంటారాయన. ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, వాటర్ మీటర్ రీడింగ్ రాసుకుని, గంట ఆగి మళ్లీ చూడాలి. నీళ్లు ఎవరూ వాడకుండానే అంకె కదిలిందంటే ఒత్తిడితో నీళ్లొచ్చే పైపు ఎక్కడో కారుతోంది. కదలకపోతే అనుమానం డ్రైనేజీ పైపు మీదికో, వాటర్‌ప్రూఫింగ్ మీదికో పోతుంది. అప్పుడు బాత్రూం జాలీలో రంగు కలిపిన నీళ్లు పోసి కింది సీలింగ్‌లో ఆ రంగు తేలుతుందేమో చూడాలి. ఇంకో గుర్తు కూడా చెప్పారు. సప్లై పైపు లీకైతే తడి రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది, డ్రైనేజీ లీకైతే ఎవరైనా స్నానం చేశాకే పెరుగుతుంది. కాబట్టి అద్దెకున్నవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎప్పుడు కారుతోంది?" అని. మేమందరం "ఎంత కారుతోంది?" అని అడిగేవాళ్లం. టైల్స్ పగలగొట్టి మళ్లీ వేస్తే కూలి వచ్చేవాళ్లు ఈ పరీక్షల గురించి పెద్దగా ఉత్సాహం చూపించరు. అది వాళ్ల తప్పని కూడా అనను.

ఇక పనివాళ్ల నంబర్లు. ఇలాంటి ప్రతి గుంపూ ఒక జాబితా తయారుచేస్తుంది, కొన్నాళ్లకి అది చెత్తబుట్ట అవుతుంది. "చాలా మంచివాడు, పని బాగా చేస్తాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మేం రాసుకునేవి వేరు: ఏ పని చేశాడు, ఏ నెలలో, అదే సమస్య మళ్లీ వచ్చిందా, వస్తే పిలిచినప్పుడు వచ్చాడా. మొదటిసారి పనికి ఎవరైనా వస్తారు, డబ్బులొస్తాయి కదా. తను చేసిన పనిలో తేడా వచ్చిందని పిలిస్తే రెండోసారి వచ్చేవాడి నంబరే దాచుకోవాలి.

దీనికి జోడీగా ఒక కట్టుబాటు ఉంది. గుంపు ద్వారా దొరికిన మనిషితో పని చేయించుకుంటే, పని అయిన రోజే డబ్బులిచ్చేయాలి. ఒకసారి మాలో ఒకాయన "వచ్చే వారం చూద్దాం" అని ఎలక్ట్రీషియన్‌ని తిప్పించుకున్నారు. ఆ తర్వాత ఆ అబ్బాయి మాలో ఎవరి ఫోనూ ఎత్తలేదు. నంబరు పంచుకోవడమంటే పరువు కూడా పంచుకోవడమేనని అప్పుడు అందరికీ అర్థమైంది. బాకీ ఆయన చేత అదే రోజు కట్టించి, మా సివిల్ ఇంజనీరు గారే ఫోన్ చేసి బతిమాలితే అబ్బాయి మళ్లీ రావడం మొదలుపెట్టాడు.

తాళాల విషయం కొంచెం జాగ్రత్త. ఊరెళ్లినప్పుడు ఒకరి ఫ్లాట్ ఇంకొకరు చూసుకునేలా కొందరం జంటలుగా ఏర్పడ్డాం. రెండో తాళం చెవి సీలు వేసిన కవర్లో అవతలివాళ్ల దగ్గర ఉంటుంది. అయితే అద్దెకున్నవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నట్టు రాయించుకుంటాం. ఒప్పుకోకపోతే ఆ తాళం చెవి బయటికి పోదు. నీళ్లు పొంగిపొర్లుతుంటేనో, పొగ వస్తుంటేనో తప్ప చెప్పకుండా ఎవరూ తలుపు తీయరు. ఇల్లు మనది కావచ్చు, అగ్రిమెంట్ నడుస్తున్నంత కాలం ఆ గడప వాళ్లది.

ఇల్లు అప్పగించేటప్పుడూ ఖాళీ చేసేటప్పుడూ మూడో మనిషిగా ఇంకో ఓనరు రావడం కూడా అలవాటు చేసుకున్నాం. అడ్వాన్సు గొడవలన్నీ ఆ రెండు రోజుల్లోనే పుడతాయి. గోడకి మేకు కన్నం ఎప్పటిది, కిచెన్ గట్టు మీద మచ్చ ఎవరిది. ఎదురుగా సంబంధం లేని మనిషి ఒకరు వీడియో తీస్తూ, మీటర్ రీడింగ్ పైకి చదువుతూ ఉంటే ఇద్దరి గొంతులూ తగ్గుతాయి. ఓనరు గొంతు మరీ తగ్గుతుంది, ఎందుకంటే వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకి అడ్వాన్సు కోయడం తోటి ఓనరు ముందు సిగ్గుగా ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో మామూలు ప్రైవేట్ అద్దెల అడ్వాన్సుని ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ స్కీములో భద్రపరచాలని 2007 ఏప్రిల్ నుంచి నియమం పెట్టారు. తగువు ఆ స్కీము దగ్గరికి వెళితే, ఆ డబ్బు అద్దెకున్నవాళ్లదే అన్న లెక్కతో మొదలుపెడతారు. కోత ఎందుకో నిరూపించాల్సింది ఓనరే. చట్టం ఎక్కడిదైనా సరే, ఆ వరస మాకు నచ్చింది. నిరూపించాల్సింది నేనే అయితే ఏ ఫొటోలు తీసి పెట్టుకునేదాన్ని అని ఆలోచిస్తే, ఏం చేయాలో దానంతటదే తెలిసిపోతుంది.

ఇంక మాట్లాడుకోకూడని వాటికి వస్తాను.

మొదటిది అద్దె. గుంపులో చేరిన కొత్తలో ఒక ఇన్వెస్టరు గారు, ఆయనకి ఫ్లాట్లు చాలానే ఉన్నాయి, "మనమందరం ఒక మాట మీద ఉంటే అద్దెలు పెంచుకోవచ్చు, ఇంతకి తక్కువ ఎవరూ ఇవ్వొద్దు" అన్నారు. కొందరి కళ్లు మెరిశాయి కూడా. నేను వద్దన్నాను. పోటీ పడాల్సినవాళ్లు కూర్చుని ధర నిర్ణయించుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. నోటి మాటగా అనుకున్నా అది ఒప్పందమే. అమెరికా న్యాయశాఖ, ఎనిమిది రాష్ట్రాల అటార్నీ జనరల్స్ కలిసి 2024 ఆగస్టులో రియల్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేశారు. ఓనర్లు తమ అద్దెల రహస్య సమాచారాన్ని ఒకే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే అది అందరికీ అద్దెలు సూచిస్తోందని, దానివల్ల పోటీ దెబ్బతింటోందని ఆరోపణ. మధ్యలో కంప్యూటరుని పెట్టుకుంటేనే అంత దూరం వెళ్లినప్పుడు, నేరుగా ఒక గదిలో కూర్చుని చేసేదాని గురించి చెప్పక్కర్లేదు.

చట్టం పక్కన పెట్టినా లెక్క కుదరదు. ఫ్లాట్ ఒక నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు, అంటే 8 శాతానికి పైనే పోయినట్టు. ఎనిమిది శాతం పెంచాలని పట్టుబట్టి, ఉన్నవాళ్లు వెళ్లిపోయి, నెల రోజులు ఖాళీ పడితే ఆ ఏడాది మిగిలేది ఏమీ లేదు, పైగా పెయింటింగ్ ఖర్చు. పద్ధతిగా ఉండే మనుషులు ఇంట్లో ఉంటే వాళ్లని నిలుపుకోవడమే లాభం. ఇది ఆ ఇన్వెస్టరు గారికి చట్టం కన్నా బాగా ఎక్కింది. ఆయన ఇప్పటికీ మాతోనే ఉన్నారు.

రెండోది అద్దెకున్నవాళ్ల పేర్లు. ఒకరోజు గుంపులో ఒకావిడ తన పాత అద్దెవాళ్ల ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి "వీళ్లకి ఎవరూ ఇవ్వొద్దు" అని రాశారు. ఆవిడ కోపంలో న్యాయం ఉండి ఉండొచ్చు, మూడు నెలల బాకీ చిన్న విషయం కాదు. కానీ మేం విన్నది ఒక పక్క మాటే. అప్పటికప్పుడు అందరి చేతా తీసేయించాం. అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం, అద్దెకి వచ్చేవాళ్ల గురించి రిపోర్టులు అమ్మే సంస్థలకి బాధ్యతలుంటాయి. రిపోర్టు తప్పని ఆ మనిషి అడ్డుచెబితే విచారించాలి, ఆ రిపోర్టు చూసి ఇల్లు ఇవ్వకపోతే ఆ సంగతి ఓనరు వాళ్లకి చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే చట్టం వ్యక్తిగత సమాచారం విషయంలో ఇంకా గట్టిది. మన ఫోన్ గుంపులో అడ్డుచెప్పడానికి ఆ మనిషి లేడు, సరిదిద్దే పద్ధతీ లేదు. అలాంటి జాబితా మొదలైతే ఈరోజు బాకీ, రేపు నచ్చని మాట, ఎల్లుండి "ఫలానావాళ్లకి ఇవ్వొద్దు" దాకా పోతుంది. అక్కడికి చేరిన గుంపులో నేనుండను.

మరి వాకబు చేయొద్దా అంటే, తప్పకుండా చేయాలి. వచ్చినవాళ్లనే పాత ఓనరు నంబరు ఇమ్మని అడుగుతాం, ఫోన్ చేస్తామని చెప్పే చేస్తాం. అద్దె టైముకి ఇచ్చేవారా, ఖాళీ చేస్తామని ముందే చెప్పారా, ఇల్లు ఎలా అప్పగించారు, మళ్లీ వస్తే ఇస్తారా. ఈ నాలుగు చాలు. ఒక చిట్కా: ఇప్పటి ఓనరు మాట పూర్తిగా నమ్మొద్దు, వదిలించుకోవాలనుకుంటే ఆకాశానికెత్తేస్తారు. అంతకు ముందు ఇంటి ఓనరుని అడగండి.

మూడోది డబ్బు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లూ, కొని అమ్మే ఇన్వెస్టర్లూ ఒక గుంపులో ఉండొచ్చు గానీ ఇద్దరి గడియారాలు వేరు. మాకు పదేళ్ల తర్వాత పైపు ఎలా ఉంటుందో కావాలి, వాళ్లకి ఆరు నెలల్లో బేరం తెగాలి. వాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. డాక్యుమెంట్లు చదవడం, అప్పు వడ్డీ కలిపి అసలు రాబడి లెక్కగట్టడం, ఏ బిల్డింగ్ నిర్వహణ నిధి ఖాళీగా ఉందో కనిపెట్టడం, వీటిలో మాకన్నా పదునుగా ఉంటారు. అయితే తమకి కమీషన్ వచ్చే విషయమైతే మొదటి వాక్యంలోనే ఆ ముక్క చెప్పాలి. "గ్యారంటీ రాబడి" అన్న మాట వినబడితే ఆ సంభాషణ అక్కడికి బంద్. చేబదుళ్లు, కలిసి కొనడాలు గుంపు బయట, లాయరు ముందు. స్నేహం మీద పెట్టుబడి పెడితే రెండూ పోతాయని మా అందరి ఇళ్లలోనూ ఏదో ఒక కథ ఉంది.

లాయరు అంటే గుర్తొచ్చింది. మాలో ఎవరికో తెలిసిన లాయరు గారిని ఊరికే సలహాలు అడిగి విసిగించడం మానేశాం. ఏడాదికోసారి అందరం తలా కొంత వేసుకుని ఫీజు ఇచ్చి, అద్దె చట్టాల్లో ఏం మారిందో, నోటీసు ఎలా రాయాలో చెప్పించుకుంటున్నాం. డబ్బిచ్చి అడిగితే ఆయన "చూద్దాం" అనరు, సూటిగా జవాబిస్తారు. మేమూ ముందే ప్రశ్నలు రాసుకుని వెళతాం.

పెద్ద సంఘంలో చేరితే సరిపోదా అని కొందరంటారు. వాటి ఉపయోగం వాటికుంది. బ్రిటన్‌లో రెండు ఓనర్ల సంఘాలు 2020లో కలిసి నేషనల్ రెసిడెన్షియల్ ల్యాండ్‌లార్డ్స్ అసోసియేషన్ అయ్యాయి. ప్రభుత్వంతో మాట్లాడటానికి, అగ్రిమెంట్ నమూనాలు ఇవ్వడానికి ఆ సైజు కావాలి. కానీ నేను ఊళ్లో లేనప్పుడు వాళ్లొచ్చి నా మెయిన్ వాల్వ్ కట్టరు. అందుకే మా గుంపుని పెద్దది చేయాలని నాకు లేదు. ఇంకో ముగ్గురు నలుగురు చేరితే చాలు. ఆ పైన ఒకరి మొహం ఒకరికి తెలియదు, అప్పుడు పని అయిన రోజే డబ్బులివ్వమని ఎవరు ఎవరిని అడుగుతారు?

ప్రస్తుతం మాలో నడుస్తున్న వాదన ఆ ఎలక్ట్రీషియన్ అబ్బాయి గురించే. తను కూడా ఒక చిన్న పోర్షన్ కట్టి అద్దెకిచ్చాడు, గుంపులో చేరతానంటున్నాడు. సగం మంది వద్దంటున్నారు. పనివాళ్ల గురించి అతని ముందు ఎలా మాట్లాడుకుంటాం అని వాళ్ల బాధ. అతని ముందు మాట్లాడలేని మాటలు అసలు ఎందుకు మాట్లాడుకుంటున్నాం అని నా ప్రశ్న. పైగా వైరింగ్ గురించి మా పన్నెండు మందికీ కలిపి తెలిసినదానికన్నా అతనికి ఎక్కువ తెలుసు. వచ్చే ఆదివారం తేలుస్తాం.